మూడో గది తాళం చెవి

ఐదు రూపాయల బిళ్ళ బల్ల మీద పడే చప్పుడును బట్టి మనిషికి ఎంత తొందరగా ఉందో చెప్పగలను. విసిరేసి పరుగెత్తేవారికి చిల్లర లెక్క ఉండదు. పది నోటు ఇచ్చి, మిగతా ఐదు తీసుకుని, దాన్ని కొంగున ముడి వేసుకుని మరీ లోపలికి వెళ్ళేవారు నిదానస్తులు. బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పుతూ నా ఎదుట నిలబడిపోయేవారు కొందరుంటారు. వాళ్ళకు తొందర లేక కాదు. ఏ వైపు వెళ్ళమంటానో అని నా ముఖం చూస్తుంటారు. నేను కలంతో ఎటు చూపిస్తే ఆ పూటకు అదే తీర్పు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పట్టణం. పేరు రాయను. రాస్తే ఈ తాళం కథ ఎవరిదో మా ఊళ్ళో మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. సాగర్ బస్సులు, దేవరకొండ బస్సులు ఆగే చోటుకూ కూరగాయల అంగడికీ మధ్య మా మరుగుదొడ్ల కట్టడం ఉంది. 2020లో పట్టణ ప్రగతి పేరుతో వెయ్యి మందికి ఒకటి లెక్కన మరుగుదొడ్లు కట్టాలని అన్ని మున్సిపాలిటీలకూ చెప్పినప్పుడు లేచిన కట్టడాల్లో ఇదొకటి. నడిపే పని మా మహిళా సంఘానికి వచ్చింది. పదకొండు మందిమి. డిగ్రీ చదివానని లెక్కలు నాకు అప్పగించారు. లెక్కలు రాసే మనిషే గల్లా దగ్గర కూర్చోవాలని ఆ తర్వాత తేల్చారు. కడిగే పని ఎవరికి వెళ్ళిందో చెప్పనక్కర్లేదు. పదకొండు మందిలో చీపురు ఒక్క వాడకట్టు చేతికే చేరింది. మా అమ్మ చుట్టాలతో "మా అమ్మాయి మున్సిపాలిటీలో చేస్తోంది" అని చెప్పి అక్కడితో ఆపేస్తుంది.

కట్టడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గొడవంతా గోడల్లోనే ఉంది. ఎడమవైపు ఆడవాళ్ళకు నాలుగు గదులు. కుడివైపు మగవాళ్ళకు రెండు గదులు, నిలబడి పోసుకునేవి ఐదు. నిలబడేవాటికి రెండు రూపాయలు, గదికి ఐదు. ఆడవాళ్ళకు రెండు రూపాయల సౌకర్యం లేదు, పుట్టుకతోనే ఐదు. ఈ అన్యాయం మీద ఇంకో పోస్టు రాయాలి. మధ్యలో, ముందువైపున, వాలుబాట కట్టి, చేతికడ్డీలు బిగించి, మూడో గది. దాని తలుపు మీద రెండు బొమ్మలు: చక్రాల కుర్చీ ఒకటి, ఆడ మగ గుర్తులు కలిపి గీసినది ఒకటి. ప్రారంభం రోజున ఆ బొమ్మల ముందు నిలబడి పెద్దలు ఫొటోలు దిగారు.

ఆ గదికి తాళం ఉండేది. లోపల నాలుగు బ్లీచింగ్ పొడి సంచులు, చీపుర్లు, కాలిపోయిన మోటారు, ఎవరిదో విరిగిన కుర్చీ, వినాయక చవితి సీరియల్ బల్బుల చుట్ట. తాళం చెవి నా పర్సులో. ఎవరో పెద్ద అధికారి కుట్ర చేసి వేసిన తాళం కాదు. సామాను పెట్టుకోవడానికి చోటు లేదు, ఆ గదికి వచ్చేవాళ్ళు కనబడలేదు, తాళం వేశాం. మూడు చక్రాల బండి మీద పెన్నులు, దువ్వెనలు అమ్ముకునే ఒకాయన మొదటి నెలలో రెండుసార్లు వాలుబాట దాకా వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్ళాడని నాకు చాలా కాలానికి తెలిసింది. అడగలేదేమని అంటే, "ఆడమనిషిని బాత్రూం తాళం ఎలా అడగను చెల్లెమ్మా" అన్నాడు.

ఇక హిజ్రాల సంగతి. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుడికి అమావాస్య రాత్రి జనం వస్తారు. ఆ ముందు రోజూ మరుసటి రోజూ మా దగ్గర రద్దీ. అంగడి రోజు కూడా అంతే. ఆ రోజుల్లోనే ముగ్గురు నలుగురు హిజ్రాలు దుకాణాల వెంట వస్తుంటారు. వాళ్ళలో పెద్దామెకు యాభై అయిదు దాకా ఉంటాయి. ఎప్పుడూ అంచు వెడల్పు చీర, చేతిలో సంచి, సంచిలో నీళ్ళ సీసా. మా ఊళ్ళో వాళ్ళను పిలిచే పేర్లు నేను ఇక్కడ రాయను. అవి తిట్లుగా పుట్టి తిట్లుగానే ముసలివైన మాటలు. నేనూ చిన్నప్పుడు తోటి పిల్లలను ఆ మాటతోనే ఏడిపించాను.

మొదటి ఏడాది ఆమె బిళ్ళ పట్టుకుని నిలబడినప్పుడు నేను కలంతో కుడివైపు చూపించాను. మగవాళ్ళ వైపు. ఆమె ఒక్క క్షణం అటు చూసింది. అంగడి రోజు మధ్యాహ్నం, లోపల హమాలీలు, లారీవాళ్ళు, గడ్డం గీసుకుంటున్న ఇద్దరు. ఆమె బిళ్ళ తిరిగి సంచిలో వేసుకుని బత్తాయి గోదాముల వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. వెంట ఉన్న చిన్నవాళ్ళూ వెళ్ళారు. ఎవరూ ఒక మాట అనలేదు. నాకు ఆ రోజు ఏమనిపించిందని అడిగితే నిజం చెబుతాను: గొడవ తప్పిందనిపించింది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నా బల్ల పక్కన కూర్చుని ఫోను చూస్తూ ఉంటుంది. ఒకరోజు ఇలా కుడివైపు చూపించడం చూసి ఇంటికి వచ్చాక నాకు పాఠం చెప్పింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో, జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ ఇచ్చిన తీర్పులో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వేరుగా ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ప్రభుత్వాలకు చెప్పారట. 2019లో చట్టం వచ్చింది. 2020లో ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు రెండేళ్ళలో వాళ్ళకు విడిగా మరుగుదొడ్ల వసతి కల్పించాలన్నాయట. "నీ పర్సులో ఉన్న తాళం చెవి సుప్రీంకోర్టుది అమ్మా" అంది. పెద్ద మాటలు దాని తండ్రి పోలిక.

మరునాడే సామాను బయట పెట్టించాను. గది కడిగించాను. వచ్చే అమావాస్యకు ఆమె రాగానే లేచి నిలబడి తాళం చెవి చేతిలో పెట్టాను. సన్మానం చేస్తున్నట్టే ఉంది నాకు. ఆమె వాలుబాట ఎక్కింది. ఎదురుగా పాన్ డబ్బా, టీ బండి, బస్సు కోసం చూసే జనం. ఆమె తాళం తీయడానికి రెండు నిమిషాలు పట్టింది, తుప్పు. ఆ రెండు నిమిషాలూ బస్టాండు మొత్తం ఆ తలుపు మీది బొమ్మనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. పాన్ డబ్బా దగ్గర ఒకడు ఈల వేశాడు. ఆమె బయటకు వచ్చి తాళం చెవి బల్ల మీద పెట్టి అంది: "ఇంటి తాళాలిచ్చి పెద్దకోడలిని చేశావు బిడ్డా, సంతోషం. కానీ పెద్దకోడలు దొడ్డికి పోతుంటే ఊరంతా నిలబడి చూసే ఇల్లు ఎక్కడైనా ఉందా?"

ఆ తర్వాత ఆమె ఆ గదికి వెళ్ళలేదు. మళ్ళీ గోదాముల వెనకకే.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, జీరో టికెట్టు ఇస్తారు. మా వ్యాపారం ఎలా పెరిగిందో నేను చెప్పలేను, ఫినాయిల్ ఖర్చు చూస్తే తెలుస్తుంది. ఆ ఉత్తర్వులో ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు. ఇది పత్రికలో చదివాను గానీ మనసుకు ఎక్కించుకోలేదు. ఆ సంక్రాంతి ముందు పెద్దామె బస్సు దిగి నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చింది. చేతిలో జీరో టికెట్టు, అది బల్ల మీద పెట్టింది, పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టింది. "కండక్టరు ఆధార్ చూసి ఆడవాళ్ళతో కలిపి చీటీ కొట్టాడు. నలభై మంది మధ్య కూర్చుని వచ్చాను. గంటసేపు పక్కన కూర్చున్న ఆమెకు లేని ఇబ్బంది రెండు నిమిషాలకు నీకెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. నా వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర ఉందేమో అని తిరిగి చూశాను. ఇద్దరు ముక్కు చిట్లించారు, ఒకామె నవ్వింది, ఒక ముసలమ్మ "ముందు జరగండమ్మా, ఎవరైతే ఏమిటి" అంది, ఆమె తొందర ఆమెది. నేను కలంతో ఏ వైపూ చూపించలేదు. పెద్దామె ఎడమవైపు వెళ్ళింది, అక్కడ ఒక గదిలో తలుపు వేసుకుంది, వచ్చింది, చేతులు కడుక్కుంది, వెళ్ళింది. నాలుగేళ్ళుగా నేను మోస్తున్న సమస్య వయసు నాలుగు నిమిషాలు.

అలా అని సమస్య అక్కడితో తీరిందని రాస్తే అబద్ధం. ఆ నెల సంఘం సమావేశంలో అదే మొదటి విషయమైంది. మాలో ఒకామె అంగడిలో పుంటికూర, తోటకూర అమ్ముతుంది. పొద్దున నాలుగింటికి ఇల్లు వదిలితే సాయంత్రం దాకా మా గదులే ఆమెకు దిక్కు. "వాళ్ళు వచ్చే రోజు నేను రాను" అని చెప్పేసింది. ఎందుకని అడిగితే కోపగించుకోలేదు, నెమ్మదిగా చెప్పింది. పదమూడేళ్ళప్పుడు పొలం గట్టున కూర్చున్నప్పుడు ఎవరో చూశారట. అప్పటినుంచి గది బయట బరువైన అడుగుల చప్పుడు వింటే ఒంట్లో ఏదో బిగుసుకుపోతుందట. "ఆమె మంచిదే కావచ్చు. నా ఒంటికి ఆ సంగతి తెలియదు కదా" అంది.

ఈ మాటను కొట్టిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా అమ్మాయి కూడా మొదట అదే చేసింది, వెనకబాటుతనం అంది. ఆడవాళ్ళ గది అన్నది ఎవరో సరదాకు ఇచ్చింది కాదు, అది లేక చీకటి పడేదాకా బిగబట్టుకున్న తరాలు ఉన్నాయి. మా అత్తగారు పెళ్ళయిన పదేళ్ళూ తెల్లవారుజామునా చీకటి పడ్డాకా తప్ప బయటకు వెళ్ళలేదు. అలాంటి చోట ఒక తలుపు దొరికినప్పుడు దాన్ని గట్టిగా పట్టుకోవడంలో తప్పేముంది?

అదే సమావేశంలో ఇంకొకామె, ఆమె కూతురు ఇంటర్ చదువుతోంది, ఇంకో సంగతి గుర్తుచేసింది. ముందటి వేసవిలో మా కట్టడంలోనే ఒక కుర్రవాడు దొరికాడు. మగవాళ్ళ వైపు గదిలో బకెట్టు బోర్లించి, దాని మీద ఎక్కి, ఆడవాళ్ళ వైపు గదులకూ దానికీ మధ్య ఉన్న గోడ మీదినుంచి ఫోను పెట్టాడు. గోడ ఏడు అడుగులే. పైన గాలి కోసం వదిలేశారు. వాడు చీర కట్టుకుని రాలేదు, దొంగ వేషం వేయలేదు. ఐదు రూపాయలు కట్టి, సరైన వైపే వెళ్ళి, సరైన గదిలోంచే ఆ పని చేశాడు. ఆ రోజు అందరం పట్టుకుని కొట్టాం, పోలీసులకు అప్పగించాం, గోడ మాత్రం ఏడు అడుగులే ఉండిపోయింది.

"అయితే మనం మాట్లాడాల్సింది గోడ గురించి కదా" అన్నది చీపురు పట్టే ఆమె. సమావేశాల్లో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. ఆమెకు తెలిసినంత ఆ గదుల గురించి మాకెవరికీ తెలియదు. గడియల సంగతి ఆమే చెప్పింది. నల్లగొండ అంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మాకు బోరు నీళ్ళు అన్నిటి మీదా పేర్చే తెల్లటి పొర గుర్తొస్తుంది. కుళాయి బిగుసుకుపోతుంది, పొర వదలడానికి యాసిడ్ పోస్తాం, ఆ యాసిడ్ ఆవిరికి ఇనుప గడియలు తుప్పు పట్టి రాలిపోతాయి. నాలుగింటిలో రెండు గదులకు లోపలి గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని కూర్చుంటున్నారు ఆడవాళ్ళు. ఇది నాకు తెలియదు. నేను ఇంటికి వెళ్ళి వచ్చేదాన్ని.

గోడ పైదాకా లేపించి, పైన జాలీ ఇటుకలు పెట్టించి, ఆరు గదులకూ స్టీలు గడియలు వేయించి, లోపల బల్బులు మార్పించడానికి మా రెండు నెలల మిగులు పోయింది. పై నుంచి సాయం అడిగాం. మరమ్మతుల పద్దు వేరే, కొత్త పని పద్దు వేరే, గోడ పెంచడం ఈ రెండింటిలో ఏదో తేలాలన్నారు. ఇంకా తేలలేదు.

గడియలు పడ్డాక ఆడవాళ్ళ వైపు గొణుగుడు తగ్గింది. పోలేదు, తగ్గింది. మనిషి లోపల ఉన్నప్పుడు బయట ఎవరు నిలబడ్డారన్నది గడియ గట్టిదైతే అంత పట్టదు. పుంటికూర అమ్మే ఆమె మాత్రం అమావాస్య రోజుల్లో ఇప్పటికీ నా వైపు దూరం నుంచి చూసి, పెద్దామె కనబడితే ఆగుతుంది, వెళ్ళాక వస్తుంది. పెద్దామెకూ ఇది తెలుసు. త్వరగా బయటకు వచ్చేస్తుంది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది నేను చూడలేదు.

మూడో గదికి తాళం తీసేశాం. బొమ్మలు రెండూ చెరిపించి "ఎవరైనా" అని రాయించాను. దేశంలో చాలా చోట్ల ఈ మూడో గది చిక్కు ఉన్నట్టుంది. భోపాల్‌లో 2017లో హిజ్రాల కోసమే ప్రత్యేకంగా కట్టారు. ఢిల్లీలో 2021లో వికలాంగుల గదులను వాళ్ళూ వాడుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. మా అమ్మాయి ఇంకోటి వెతికి చూపించింది: 2017లో స్వచ్ఛ భారత్ గ్రామీణ మార్గదర్శకాల్లో, వాళ్ళు ఆడ మగ వైపుల్లో తమకు నచ్చినది వాడుకోవచ్చని ఉందట. ఒక కాగితం వేరే గది కట్టమంటుంది, ఇంకో కాగితం వాళ్ళ ఇష్టం అంటుంది. రెండూ మంచి ఉద్దేశంతోనే రాశారు. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి రెండూ ఒకటి కావు. వేరే గది అంటే ఎటు వెళ్ళాలో నేను చెబుతాను. ఇష్టం అంటే నేను నోరు మూసుకుంటాను. నాకు రెండోది నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

"ఎవరైనా" గదికి ఎవరు వస్తున్నారో చూస్తే నవ్వొస్తుంది. హిజ్రాలు నెలకు ఒకరిద్దరు. పెన్నులమ్మే ఆయన రోజూ రెండుసార్లు. ఆరేళ్ళ కూతురిని తీసుకుని ప్రయాణం చేసే తండ్రులు, ఇంతకుముందు వీళ్ళు పిల్లను ఆడవాళ్ళ వైపు గుమ్మంలో వదిలి, తెలియని ఆడవాళ్ళను "కొంచెం చూడండమ్మా" అని బతిమాలేవాళ్ళు. పక్షవాతం వచ్చిన తల్లిని ఆస్పత్రికి తీసుకువెళ్ళే కొడుకు, తల్లితో పాటు ఏ వైపుకూ వెళ్ళలేక ఆమెను రోజంతా నీళ్ళు తాగనివ్వని కొడుకు. పెద్దవాళ్ళయినా మనసు ఎదగని పిల్లలున్న తల్లులు. జెండర్ న్యూట్రల్ అన్న పెద్ద పేరు పెట్టి జనం దేని గురించి పోట్లాడుకుంటున్నారో నాకు పూర్తిగా తెలియదు గానీ, మా ఊళ్ళో దానికి ఓటేసేది ఎక్కువగా వీళ్ళే. లోపం కూడా చెబుతాను. ఆ గది అన్నిటికంటే త్వరగా పాడవుతుంది. మగవాళ్ళు నిలబడి పోసి, నీళ్ళు కొట్టకుండా వెళ్ళిపోతారు. అక్కడ రెండు గంటలకోసారి కడగాలి, అంటే మళ్ళీ అదే చేతికి ఇంకో పని. ఆమెకు నెలకు అయిదు వందలు పెంచాం. వెయ్యి అడిగింది.

విదేశాల సంగతి ఒక ముక్క. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం 2016లో, ప్రభుత్వ భవనాల్లో ఎవరైనా జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే బాత్రూముకు వెళ్ళాలని చట్టం చేసి, మరుసటి ఏడాది ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంది. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు, సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని చెప్పింది. మా అమ్మాయి ఇవి చదువుతుంటే నాకు ఒకటే సందేహం: చూసేదెవరు? ఐదు రూపాయలు తీసుకునే నేను జనన ధ్రువపత్రం అడగాలా? మా ఊళ్ళో నా వయసువాళ్ళలో సగం మందికి పుట్టిన తేదీ బడిలో చేర్చుకున్న పంతులుగారు పెట్టిందే. అందరం జూన్‌లో పుట్టినవాళ్ళమే.

పెద్దామె వెంట వచ్చేవాళ్ళలో ఒక చిన్నమ్మాయి ఉంది. కలెక్టరు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం ఉందామెకు. 2019 చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేది. లామినేషన్ చేయించి సంచిలో పెట్టుకుంది. మొదటిసారి ఒక్కతే వచ్చినప్పుడు నేనేమీ అడగకముందే తీసి బల్ల మీద పెట్టింది, బిళ్ళ కంటే ముందు. జిల్లా కలెక్టరు సంతకం, ఒంటికి పోవడానికి. నేను చదవలేదు, తిరిగి ఇచ్చేశాను. ఎక్కడెక్కడ ఎన్ని బల్లల మీద పెట్టి ఉంటే ఆ చెయ్యి అంత అలవాటుగా సంచిలోకి వెళ్తుంది?

ఈ అలవాటు ఎక్కడిదో కూడా ఒక కాగితంలో దొరికింది. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం చేశారు. ఫసలీ, అంటే అప్పటి శిస్తు లెక్కల సంవత్సరం, నాకు కొత్త కాదు, మా మామగారి పాత పహాణీల నిండా అదే. 590 కలిపితే మన లెక్కలో 1919. ఆ చట్టం ప్రకారం హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడ దుస్తుల్లోనో నగలతోనో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. నల్లగొండ, పాలమూరు అన్నీ ఆ రాజ్యంలోనివే. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ బతికింది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరు కోర్టుకు వెళ్తే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే జీరో టికెట్టు. అంటే వీధిలో చీరతో కనబడడం నేరమన్న చట్టం పోయిన అయిదు నెలలకు ఆ చీరకే ప్రభుత్వం బస్సు ఎక్కించింది. పెద్దామెకు ఇది చెబితే, "మా గురువు రిజిస్టరు గురించి చెప్పేది, కథలనుకున్నాం" అంది.

రాయాలా వద్దా అని ఆలోచించిన సంగతి ఒకటి మిగిలింది. అతను ఇప్పుడు ఈ ఊళ్ళో లేడు, ఎక్కడ పనిచేసేవాడో కూడా మార్చి రాస్తున్నాను.

ఎదుటి వరసలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఒక సన్నటి కుర్రవాడు ఉండేవాడు. మీసం లేదు, ఎండాకాలంలో కూడా లోపల బనీను, పైన చొక్కా, ఆ పైన ఇంకో చొక్కా. రోజూ మగవాళ్ళ వైపే. నిలబడేవి ఖాళీగా ఉన్నా గది కోసం ఆగేవాడు. ఐదు రూపాయలే ఇచ్చేవాడు, రెండు కాదు. ఒకటో గది ఖాళీగా ఉన్నా రెండో గది కోసం చూసేవాడు. అప్పట్లో గడియ పడేది దానికే. నేను ఇవన్నీ చూస్తూనే ఉన్నాను, చూసి ఏమీ అనుకోలేదు. హిజ్రా అంటే చీర కట్టుకున్న మనిషి అనే నా బుర్రలో ఉంది. చొక్కా వేసుకున్న మనిషికి కూడా ఏ వైపు వెళ్ళాలన్నది కష్టం కావచ్చని తట్టలేదు. బయటి గొడవల్లో కూడా ఎవరికీ తట్టినట్టు లేదు, అందరూ చీర గురించే కొట్టుకుంటున్నారు.

ఒకరోజు కడిగే ఆమె నల్ల కవరు ఒకటి కర్రతో పట్టుకుని వచ్చింది. మగవాళ్ళ వైపు రెండో గదిలో, కిటికీ అంచున, పేపరులో చుట్టి పెట్టి ఉందట. "ఎవడో వెకిలి పని చేశాడు" అంది. ఆడవాళ్ళ వైపు ప్యాడ్ల కోసం మూత ఉన్న బుట్టలు నాలుగు ఉన్నాయి. మగవాళ్ళ వైపు ఎందుకుంటాయి? మరుసటి నెల మళ్ళీ అదే. మూడో నెలకు నాకు తేదీలు అందాయి. ఆడదాన్నే కదా, తేదీలు ఎంతసేపటికి అందాలి. సిగ్గేసింది.

అతనితో ఏమీ మాట్లాడలేదు. ఏమని మాట్లాడతాను, ఎవరిని ఉద్ధరించడానికి? అంగడిలో ఒక బుట్ట కొన్నాను, కాలితో తొక్కితే మూత లేచేది, నీలిరంగు, మిగతా నాలుగింటిలా గులాబీ రంగు కాదు. రెండో గదిలో మూలన పెట్టించాను. కడిగే ఆమె నన్ను చూసింది, బుట్టను చూసింది, రోడ్డు అవతల దుకాణం వైపు చూసింది, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. కిటికీ మీద కవర్లు ఆగిపోయాయి.

నెలాఖరు సమావేశంలో లెక్క చదవాలి. మగవాళ్ళ గదికి ఆ బుట్ట దేనికని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఖర్చు పుస్తకంలో "చీపుర్లు, ఫినాయిల్, వగైరా" అన్న వరసలో నూట నలభై రూపాయలు ఎక్కువ వేసి గబగబా చదివేశాను. పుంటికూర ఆమె మాత్రం "ఈ నెల చీపుర్లు ప్రియమయ్యాయే" అంది.